ఐలవ్వ ముడుపు

చొప్పదండిలో ఒక ఇంటి వంటగది, కార్తీక సోమవారం పొద్దుటిపూట. అత్త శంకరవ్వ అంబలి కుండ ముందు పీట వేసుకుని కూర్చుంది. కోడలు జమున గోడలో ఉన్న దేవుని గూటి ముందు నిలబడింది.

“దొరికిందా?”

“చూస్తున్న అత్తమ్మా.”

“చూసుడేందే. అంజన్న పటం ముంగట పసుపు బట్ట ముడుపు. శ్రావణం సంది ఎవ్వలు జరుపలే దాన్ని. చెయ్యి పెడితే తగులుతది.”

“కనబడ్డది. దీపం ఉన్నది గదా, కొంగు అంటుకుంటదని జర చూస్తున్న.”

“దీపం పక్కకు జరుపు. పద్మలత వస్తున్ననని ఫోన్ చేసి ఎంతసేపాయె. వచ్చినంక దాన్ని నిలవెట్టద్దు. దాని తల్లి ఐలవ్వ ఆడ కరీంనగర్ దవాఖానల పడి ఉన్నది.”

“మొక్కు తీరకముందు ముడుపు ఇప్పద్దంటివి గదా. తప్పు గాదా?”

“ఇప్పుమంటున్ననా? కట్టింది కట్టినట్టే ఇద్దాం. డాక్టరమ్మ అడిగిందట, ఐలవ్వ ఏ గోలీలు తినేది, ఎంత బలం గోలీ, ఎన్ని మిగిలినయి అని. గోలీలతోని చీటీ సుత అండ్లనే పెట్టి కట్టింది గదా ఆమె.”

“పేరు నేను ఫోన్ల చెప్త. ఆమెకు నాకు ఒక్క డాక్టరమ్మనే, ఒక్కటే గోలీ. పసుపు పచ్చగ, చిన్నగ, వారానికొకటి.”

“నువ్వు గోలీలు ఇడిసి ఏడు నెలలాయె. రంగు సుత యాదికున్నదా ఇంక?”

“రెండేండ్లు తిన్న. ఎట్ల మర్చిపోత.”

“మర్చిపోవు గని, తియ్యి.”

“ఐలవ్వత్తకు ఎట్లున్నదట?”

“మంచిగ లేదు. రెండు చేతులు వాచినయట. మోకాళ్లు నిలవడనిస్తలేవట. మాట తిప్పకు.”

“తిప్పుతలే. ఒక్కటి అడుగుత అత్తమ్మా. మన ఇంటికి అంబలి తోడుకు ఎంతమంది వస్తరు? సుగరున్నోళ్లు వస్తరు, కడుపుల మంటోళ్లు వస్తరు, బీపీ ఉన్నోళ్లు వస్తరు. ఎవ్వలనన్న గోలీలు ఇడువుమన్నవా?”

“లేదు.”

“మరి ఐలవ్వత్తనే ఎందుకు ఇడువుమన్నవు?”

“కీళ్లకు వేరే నియమం.”

“ఎవలు పెట్టిన నియమం?”

“పొద్దుపొద్దుగాల ఠాణల కూసోవెట్టి అడిగినట్టు అడుగుతున్నవేంది? నీకు పెట్టిన నియమమే ఆమెకు పెట్టిన. హనుమాన్ జయంతికి కొండగట్టు మెట్లెక్కి మొక్కిన, నా కోడలికి మందు లేకుంట నయం గావాలె స్వామీ అని. నీకు నయమయింది. నీ చేతులు చూసే గదా ఐలవ్వ ఆశపడ్డది.”

“నా చేతులు చూసే.”

“మరి? ఉగాదికి చెంబు లేపనిదానివి, ఆషాఢం వచ్చేసరికి వాకిట్ల ముగ్గేసినవు. ఊరంత చూసిండ్రు.”

“డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. ఆనాడు నువ్వు నా పక్కపొంటే కూసున్నవు. యాదికున్నదా?”

“ఏం చెప్పింది?”

“కడుపుల మంచి పురుగులుంటయి, కంటికి కనవడయి, అవి తక్కువైతే ఒంటికి కావలి గాసేటిది దారి తప్పి మన కీళ్ల మీదనే పడుతదేమో అని పెద్ద పెద్దోళ్లు చూస్తున్నరు, ఇంక పూర్తిగ తేలలే అన్నది. ప్రోబయోటిక్ పొడి కొనుమని నేను చెప్ప, మీ ఇంట్ల పులిసిన అంబలి ఉన్నది, సల్ల ఉన్నది, పెరుగున్నది, అవి తాగు, కడుపుకు మంచిది అన్నది. అది ఒక మాట.”

“మంచి మాటనే గదా.”

“గోలీ మాత్రం ఒక్క వారం సుత తప్పియ్యకు అన్నది. అది రెండో మాట. మనం ఒక్కటే మాట ఇంటికి తెచ్చుకున్నం.”

“గోలీ తిన్న తెల్లారి నువ్వు కక్కుతుంటె బకెట్ పట్టింది నేను. నీ ఎంటికలు ఊడి దువ్వెన నిండితె ఏరి పారేసింది నేను. డాక్టరమ్మ గాదు.”

“నువ్వు పట్టలేదంటున్ననా?”

“నోట్ల పుండ్లతోని బువ్వ మింగుడు వడక ఏడ్సినవు. నీ మొగడు ఆదిలాబాద్ పత్తి మిల్లుల కూసోని ఫోన్ల వీడియో పంపిండు. అండ్లాయన ఏమన్నడు? గోలీలన్ని చెత్తబుట్టల పారేసి పులుపు అంబలి తాగుండ్రి, కడుపు బాగైతే కీళ్లు బాగైతయి అన్నడు. సదువుకున్నోడు చెప్పిండు, నేను ఇన్న. నాది తప్పా?”

“నీ తప్పంటలే.”

“అననప్పుడు ముడుపు తీసి పీట మీద పెట్టు. అగో, ఆటో సప్పుడు.”

గడప దాటి వచ్చింది ఐలవ్వ కూతురు పద్మలత.

“పెద్దవ్వా, తీసి పెట్టినవా?”

“తీస్తున్నది జమున. కూసో బిడ్డా. చాయ్ తాగుతవా?”

“వద్దు పెద్దవ్వా. ఆటోల గ్యాస్ లేదని ఆటోవాలా కొట్టించుకొస్తనన్నడు, పది నిమిషాలు పడుతది. అందాక ఇంటికి పోయి అవ్వకు రెండు చీరెలు తెచ్చుకుంట. ముడుపు వచ్చి తీసుకపోత.”

“ఎట్లున్నదే మీ అవ్వకు?”

“ఏం చెప్పాలె. ఏళ్లు వంకాయల్లెక్క ఉబ్బినయి. చెంబు పట్టరాదు. నేనే నోట్లె పోస్తున్న. అందరికన్న ముందుగాల బీడీ మూతి ఒత్తే చెయ్యి ఆమెది, చాటల ఆకు అట్లనే ఎండిపోయింది. నెలదినాల సంది కార్ఖానకు ఒక్క కట్ట పోలే. మాకు చెప్పకపాయె. తగ్గుతది, అంబలి పారాలె గదా, జర ఓపిక వట్టాలె, అనుకుంటనే ఉండె.”

“డాక్టరమ్మ కొట్లాడిందా వదినా?”

“కొట్లాడితే మంచిగుంటుండె జమునొదినే. మెల్లగ అడిగింది. అంబలి తాగద్దని నేనన్ననా అవ్వా, నేనే తాగుమన్న గదా, గోలీలు ఇడువుమని ఎవలన్నరు అని అడిగింది. అవ్వ ఎవ్వల పేరు చెప్పలే. నా అంతట నేనే ఇడిసిన అన్నది.”

“పేరు చెప్పలేదా?”

“చెప్పలే పెద్దవ్వా. నీ మీద ఒక్క మాట రానిస్తలేదు. నేను కోపానికొచ్చి ఏదో అన్న, నన్నే తిట్టింది. శంకరక్క కోడలికి తగ్గలేదా, నీ కండ్లు లేవా అన్నది. తప్పు నా తానే జరిగింది అంటున్నది. దసరాకు యాటను కోసి కూర వండిన చేతులతోని అంబలి కుండ ముట్టుకున్ననట. స్వామికి కోపమొచ్చిందట.”

“గట్లన్నదా.”

“ముడుపు సుత పెద్దవ్వ చేతులతోనే తీపియ్యి, మొక్కు తీరకముందు తీస్తున్నమని స్వామికి ఒక్క మాట చెప్పుమను అన్నది. ఇంకోటి పెద్దవ్వా, ఒక చెంబు అంబలి పోసి పెట్టు. అది తాగందే నోట్లె ఏం పెట్టుకోనంటున్నది.”

“పోసి పెడత బిడ్డా.”

“వస్త. తయారు పెట్టుండ్రి.”

పద్మలత వెళ్లింది. అత్తా కోడళ్లు మిగిలారు.

“ఇంకా ఆడనే నిలవడ్డవేంది జమునా?”

“తీసిన. ఇగో.”

“పీట మీద పెట్టు.”

“తేలిగ్గ ఉన్నది అత్తమ్మా.”

“గోలీలు తేలిగ్గనే ఉంటయి.”

“ఖాళీ గోలీ పత్తాలు ఇంకా తేలిగ్గ ఉంటయి.”

“అంబలి కలుపుతున్న. ఇడిస్తే ఉండ కడుతది.”

“అత్తమ్మా, గరిటె పక్కకు పెట్టు. ఇను. ముడుపుల చీటీ ఉన్నది, రెండు ఖాళీ పత్తాలున్నయి. గోలీలు లేవు. పన్నెండు ఉండె. పన్నెండు నేనే తిన్న. తిట్టు. కొట్టు. ఏదన్న అను.”

“ఎప్పటి సంది?”

“శ్రావణం సంది. ఐలవ్వత్త ముడుపు కట్టిన వారం దినాలకే. ప్రతి బుధారం, నువ్వు పొద్దుగాల పాలకేంద్రానికి పోయినప్పుడు.”

“అంతకుముందు?”

“అంతకుముందు నావి. పాత పత్తాలు కొన్ని మిగిలి ఉండె. కందిపప్పు డబ్బల అడుగుకు పెట్టిన. నువ్వు మొక్కినంక మూడు వారాలు నిజంగనే ఇడిసిన అత్తమ్మా, అంజన్న మీద ఒట్టు. నాలుగో వారం పొద్దుగాల లేస్తే పిడికిలి రాలే. జాకెట్ గుండీలు పెట్టుకోరాలే. నువ్వు గుడికి పోయినవు. తలుపు పెట్టుకొని ఏడ్సిన. గా దినం ఒక్కటి మింగిన. గంతే, మల్ల ఆపలే.”

“పప్పు డబ్బల.”

“నీ కంట పడుతదని రోజు భయపడ్డ. పప్పు ఏసేది నువ్వే గదా. అంజన్న దయ, ఎన్నడు నీ చెయ్యి అడుగు దాక పోలే.”

“ఊ. పప్పు అడుగంటకముందే నువ్వు డబ్బ నింపేదానివి గదా.”

“అవును. నింపేదాన్ని. నీకెట్ల...”

“చెప్పు, ఇనవడుతున్నది.”

“అయి అయిపోవచ్చినయి, నాకు దిక్కు లేదు. మందుల దుకాణపోని తల్లి మన అంబలే తాగుతది. నేను పోయి గోలీలడిగితే పొద్దుగూకేసరికి ఊరంత ఎర్కయితుండె. కరీంనగర్ పోయొస్తనంటే ఎందుకు అంటవు. గప్పుడే ఐలవ్వత్త ముడుపు తెచ్చి గూట్ల పెట్టింది. నా కండ్ల ముంగట. నా గోలీలే. ఆమె ఎట్లాగు తింటలేదు గదా అనుకున్న. ఎట్లాగు దేవునికి ఇచ్చేసింది గదా అనుకున్న.”

“ముడి ఎట్ల ఇప్పినవ్? మూడు ముళ్లు ఏసిన నేను.”

“పండ్లతోని. ఈ ఏళ్లతోని ముడి ఏడ ఊడుతది. ఇప్పి, గోలీ తీసి, మల్ల కట్టేది. నేను కడితే ముడి వదులుగనే ఉంటుండె, బిగువు రాకపోయేది. ఇది అత్తమ్మ కంట పడుతది, ఇయ్యాల దొరికిపోత అనుకునేది. మల్ల బుధారం చూస్తే ముడి గట్టిగ బిగుసుకొని ఉండేది.”

“బిగుసుకొని ఉండేదా.”

“ప్రతి వారం. అంజన్ననే బిగిస్తుండు, తినద్దు అని ఆపుతుండు అనుకున్న. దండం పెట్టి, లెంపలేసుకొని, అయినా ఇప్పిన. అయినా తిన్న. దేవుడు ఆపినా ఆగలే నేను.”

“దేవుడు ఆపలే.”

“నువ్వనుకుంటలేవు గని, నాకెర్క. ఎట్ల బిగుసుకుంటది మరి బట్ట, దానంతటదే?”

“చెప్పెయ్యకపాయినవా నాకు. గిన్ని నెలలల్ల ఒక్కనాడన్న.”

“ఎట్ల చెప్పాలె? పెండ్లయి తొమ్మిదేండ్లు. ఎన్నడన్న నన్ను బిడ్డా అని పిలిచినవా? ఓ పిల్లా, ఓ జమునా, గంతే. నా చేతులు మంచిగైనంక అన్నవు. వాకిట్ల ముగ్గేసిన గదా ఆషాఢంల, గా పొద్దు నా చెయ్యి వట్టుకొని బిడ్డా అన్నవు. అండ్ల అబద్ధం ఉన్నదని ఏ నోటితోని చెప్పాలె. నీ ముఖం సుత మారింది అత్తమ్మా. మామ పోయినంక నిన్ను పెండ్లికి పిలిస్తే ఎనుకకు కూసోమన్నరు, బొట్టు పెట్టకుంట పక్కకు నిలవడుమన్నరు. గిప్పుడు పొద్దు పొడువకముందే ఆడోళ్లు చెంబులు వట్టుకొని మన వాకిట్ల. శంకరవ్వ చేతి తోడు, శంకరవ్వ చేతి తోడు. పెద్ద ఇంటి జానకీబాయి సుత వచ్చి నీ ముంగట కింద కూసున్నది. నేను నోరు తెరిస్తే ఇయన్ని పోతయి. నీకు పోతయి, నాకు పోతయి.”

“అంబలి ఉత్తదేనా అయితే? ఏం పనిచెయ్యలేదా?”

“చేసింది. ఎందుకు చెయ్యలే? గోలీ తిన్న తెల్లారి కక్కుడు బందయింది. పుండ్లు తగ్గినయి. గోలీ కడుపుల నిలిచేటట్టు అంబలి చేసింది. నొప్పిని గోలీ తగ్గిచ్చింది. డాక్టరమ్మ చెప్పిన రెండు మాటలు నా కడుపులనే కలిసినయి. బయటికి ఒక్కటే కనవడ్డది.”

“ఐలవ్వ అదే అంబలి తాగింది.”

“అదే అంబలి. ఆమె గోలీలు నా కడుపుల, అంబలి ఆమె కడుపుల. మొన్న గాదు అవతలి వారం నేను వాళ్లింటికి పోయిన అత్తమ్మా. దారం సుట్టవోతె ఏళ్లు వంగుతలేవు. నన్ను చూసి నవ్వింది. నీ చేతులు చూపియ్యి జమునా, చూస్తే నాకు ధైర్యమొస్తది అన్నది. చూపిచ్చిన. మల్లొచ్చిన బుధారం ఆఖరి గోలీ మింగిన.”

“ఏడ్వకు. పద్మలత వస్తది.”

“రానియ్యి. నేనే చెప్త. ఆటోల నేను సుత పోత. డాక్టరమ్మ ముంగట చెప్త, ఐలవ్వత్త కాళ్ల మీద పడత. దసరా యాటకూరకు కాదమ్మా, నా పాపానికి నీకిట్లయింది అంట. ఆమె దేవుని చూసి భయపడుకుంట ఆడ పండుకున్నది. గా భయమన్న పోతది.”

“పోవద్దు.”

“ఎందుకు? నీ ఇజ్జత్ పోతదనా?”

“ఇజ్జత్ పోనియ్యి.”

“మరి ఎందుకు పోవద్దు? అత్తమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు. నీ పేరు రానియ్య. నువ్వు నమ్మినవు, నమ్మింది నలుగురికి చెప్పినవు. నమ్మి చెప్పినోళ్లది ఏం తప్పు? ఎర్కుండి ఊకున్నది నేను. ఎర్కుండి ఆమె ముడుపు ఇప్పింది నేను. పాపమంత నాదే.”

“నువ్వొక్కదానివే పోయి చెప్తే సగమే చెప్పినట్టయితది.”

“తతిమ సగం ఏమున్నది చెప్పేటందుకు?”

“ముడి.”

“ముడేంది?”

“నువ్వు వదులుగ కట్టి పోయిన ముడి. తెల్లారి, బేస్తారం పొద్దుగాల దీపం పెట్టేటప్పుడు బిగిచ్చింది నేను. వచ్చేటోళ్ల కంట పడద్దని.”

“...నువ్వా?”

“అంజన్న గాదు.”

“అంటే నీకు ఎర్కనా? శ్రావణం సంది ఎర్కనా?”

“పప్పు డబ్బల సంది.”

“పప్పు డబ్బల... అయితే నేను గోలీలు తింటున్ననని, గోలీలతోనే నా చేతులు మంచిగైనయని ఎర్కుండి, ఐలవ్వత్తను ఇడువుమంటివా? ఎర్కుండే? సుగరోళ్లను అనలే, బీపీ ఉన్నోళ్లను అనలే, ఆమెనొక్కదాన్నే ఎందుకు అత్తమ్మా?”

“జమునొదినే, ఆటో వచ్చింది. ముడుపు, అంబలి పట్టుకొస్తున్నరా?”

“వస్తున్నం పద్మలతా, ఒక్క నిమిషం. చెప్పు అత్తమ్మా. ఆమెనే ఎందుకు?”

“గా దినం పప్పు డబ్బల నీకు ఒక్కటే గోలీ మిగిలి ఉండె బిడ్డా. ఐలవ్వ వచ్చి, డాక్టరమ్మ నాకు సుత జమున గోలీలే రాసింది అక్కా అన్నది. నేను అయి ముడుపు కట్టి మా గూట్ల పెట్టుమన్న.”